గోడ కోసం బొమ్మను కోయకండి

ప్రశ్న: నేను నూనెరంగులతోనూ నీటిరంగులతోనూ ప్రకృతి దృశ్యాలు వేస్తాను. చాలావరకు అడ్డంగా, పొడవుగా ఉండే బొమ్మలు. కొన్ని అరచేయంత, కొన్ని గోడలో సగం. మూడు ఆన్‌లైన్ గ్యాలరీల్లో నాకు పేజీలున్నాయి. మూడింట్లోనూ ఒకటే బాధ. బొమ్మ రెండు చివరలూ తెగి చతురస్రంలో కనిపిస్తుంది. చిన్నదీ పెద్దదీ ఒకే సైజులో ఉంటాయి. మొన్న ఒకావిడ బొమ్మ చేతికందాక “ఇంత చిన్నదా!” అని తిప్పి పంపేశారు. మొదటి పేజీలో బొమ్మలు వాటంతటవే జరిగిపోతుంటాయి. నొక్కితే నల్లటి పెట్టెలో తెరుచుకుంటాయి, ఆ ఒక్క బొమ్మకు లింకు పంపుదామంటే కుదరదు. రంగులు నావి కావనిపిస్తుంది. సైటు వాళ్లకు రాస్తే “డిజైను అందరికీ ఒకటేనండీ” అన్నారు. విసిగిపోయి ఈమధ్య చతురస్రపు కాన్వాసులే కొంటున్నాను. నేనే అతిగా పట్టించుకుంటున్నానా? సర్దుకుపోవాలా, సొంత సైటు పెట్టుకోవాలా? పెట్టుకుంటే ఎలా ఉండాలి?
— ఒక చిత్రకారిణి

సమాధానం:

మీ ఉత్తరంలో కష్టాలన్నీ వరుసగా చెప్పుకొచ్చి, చివర్లో చతురస్రపు కాన్వాసుల సంగతి ఒక్క ముక్కలో చెప్పేశారు. నాకు అన్నిటికంటే అదే ఎక్కువ బాధ కలిగించింది. మిగతావన్నీ చూపించే తీరులో ఉన్న లోపాలు, వాటికి మందులున్నాయి. ఇది మాత్రం బొమ్మ పుట్టే చోటికే వచ్చేసింది. పొడవాటి క్షితిజరేఖను చూసే కన్ను మీది. ఆ కన్నుకు ఒక వెబ్‌పేజీ గడి కొలతలు నేర్పుతోంది. దయచేసి ముందు ఆ కాన్వాసులు కొనడం ఆపండి. చతురస్రంలో వేయాలని మీకే అనిపించిన రోజు వేయండి, అందులో తప్పేమీ లేదు. సైటు కోసం మాత్రం వేయొద్దు. ఆ గడి కూడా శాశ్వతం కాదు. ఇన్‌స్టాగ్రామ్ మొదట్లో చతురస్రపు ఫొటోలనే తీసుకునేది, 2015లో అడ్డం, నిలువు ఫొటోలకూ చోటిచ్చింది. 2025లో ప్రొఫైల్ పేజీలోని చతురస్రపు గళ్లను నిలువు గళ్లుగా మార్చేసింది. అంతకాలం చతురస్రానికి తగ్గట్టు పేజీని తీర్చిదిద్దుకున్నవాళ్ల బొమ్మలకు పక్కలు తెగాయి. వాళ్లు మార్చినప్పుడల్లా మీరు కాన్వాసు మార్చుకుంటూ పోలేరు కదా.

అతిగా పట్టించుకుంటున్నానా అని అడిగారు. లేదు. బొమ్మ అంచు ఎక్కడ ఉండాలో తేల్చడం చిత్రకారుల పనిలో సగం. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1642లో ముగించిన ‘నైట్ వాచ్’, ఒక నగర రక్షక దళం బొమ్మ, దాని సంగతే చూడండి. 1715లో దాన్ని ఆమ్‌స్టర్‌డామ్ టౌన్‌హాలుకు మార్చారు. అక్కడ కేటాయించిన గోడకు పట్టలేదని నాలుగు వైపులా కోసేశారు. అన్నిటికంటే ఎక్కువ పోయింది ఎడమవైపు. ఆ ముక్కలు ఇప్పటికీ దొరకలేదు. కోయకముందు గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు దానికి చిన్న నకలు వేసి ఉంచడం వల్ల, 2021లో ఆ బొమ్మ ఉన్న రైక్స్‌మ్యూజియం వాళ్లు పోయిన భాగాలను కంప్యూటర్ సాయంతో తిరిగి రూపొందించి అసలు బొమ్మ చుట్టూ అమర్చి చూపగలిగారు. అప్పుడు తేలిందేమిటంటే, ముందు నిలబడ్డ నాయకులిద్దరూ రెంబ్రాంట్ వేసినప్పుడు నడిమధ్యన లేరు. కాస్త కుడికి ఉన్నారు. వాళ్ల ముందు ఎడమవైపు ఖాళీ ఉంది, దళం అటు కదలబోతున్నట్టు అనిపిస్తుంది. కోతతో ఆ కదలికే తగ్గిపోయింది. మీ పొడవాటి బొమ్మకు ఆ సైట్లలో జరుగుతున్నది ఇదే. పక్కన వదిలిన ఆకాశం “ఏమీ లేని చోటు” అని సాఫ్ట్‌వేర్ అనుకుంటుంది. మీరు దాన్ని ఎందుకు వదిలారో మీకు తెలుసు.

ఈ కోత ఎక్కడ జరుగుతుందో తెలిస్తే సగం విసుగు తగ్గుతుంది. సాధారణంగా సైటు మీ ఫైలును నిజంగా కత్తిరించదు. గడి నిండేదాకా బొమ్మను పెద్దది చేసి, గడి బయటికి పోయినదాన్ని దాచేస్తుంది. వెబ్‌పేజీల భాషలో దీనికి ‘ఆబ్జెక్ట్-ఫిట్: కవర్’ అని ఒక్క వరుస చాలు. ‘కవర్’ తీసి ‘కంటెయిన్’ అని రాస్తే బొమ్మ మొత్తం గడిలోపల ఇమిడి, చుట్టూ కాస్త ఖాళీ మిగులుతుంది. అందుకే డిజైను అందరికీ ఒకటే అన్న జవాబుకు నేను తలొగ్గను. అందరికీ ఒకటే డిజైను ఉంచుతూనే ఎవరి బొమ్మా తెగకుండా చూడొచ్చు. వాళ్లకు ఇంకోసారి రాయండి, ఈసారి ఈ మాట పేరుపెట్టి అడగండి. ఫిర్యాదును పక్కన పెట్టేసినంత తేలిగ్గా, ఒక్క మార్పు సూచించే ఉత్తరాన్ని పక్కన పెట్టలేరు. సొంత సైటు తయారీ సేవల్లో అయితే ఈ ఎంపిక చాలావాటిలో సెట్టింగుల్లోనే ఉంటుంది. క్రాప్, ఫిల్ అనే మాటలు కనిపిస్తే వాటికి దూరంగా ఉండండి. ఫిట్, ఒరిజినల్ అనే మాటల కోసం వెతకండి.

వాళ్లు వినకపోతే కోత మీ చేతుల్లోకి తీసుకోండి. లేత బూడిదరంగు చతురస్రం మీద మీ బొమ్మను పూర్తిగా, చుట్టూ ఖాళీ వదిలి పెట్టి, దాన్నే మొదటి ఫొటోగా ఎక్కించండి. అలాంటి అంచులను ఒప్పుకోని సైట్లూ ఉన్నాయి. అక్కడైతే బొమ్మలో మీకు నచ్చిన ఒక చిన్న భాగాన్ని దగ్గరగా తీసి పెట్టండి. చూసేవాళ్లకు అది ఒక భాగమని వెంటనే తెలుస్తుంది, పూర్తి బొమ్మ కోసం నొక్కుతారు. తెగిన బొమ్మను పూర్తి బొమ్మ అనుకునే ప్రమాదం ఉండదు.

ఇక సైజు. దీన్ని నేను కోత కంటే పెద్ద లోపమనే అంటాను. కోత కనీసం కంటికి కనిపిస్తుంది, ఇది కనిపించకుండా మోసం చేస్తుంది. డాలీ వేసిన ‘పర్సిస్టెన్స్ ఆఫ్ మెమరీ’, ఆ కరిగి జారుతున్న గడియారాల బొమ్మ, కేవలం 24 × 33 సెంటీమీటర్లు. పికాసో ‘గెర్నికా’ ఎత్తు మూడు మీటర్ల నలభై తొమ్మిది, వెడల్పు ఏడు మీటర్ల డెబ్బై ఆరు. ఫోనులో పక్కపక్క గళ్లలో రెండూ ఒకే వెడల్పులో ఉంటాయి. ఒకటి ముఖం దగ్గర పెట్టుకుని చూడాల్సింది, ఇంకోటి ముందు నడుస్తూ చూడాల్సింది. ఆ తేడా పోయాక మిగిలేది బొమ్మలో ఏముందన్న సమాచారం మాత్రమే. మీ కొనుగోలుదారు బొమ్మను తిప్పి పంపడంలో ఆవిడ తప్పూ లేదు, మీ తప్పూ లేదు. ఆ పేజీ ఆవిడకు సైజు చెప్పలేదు, లేదా ఎక్కడో కిందికి జారి చిన్న అక్షరాల్లో చెప్పింది.

కాబట్టి కొలతలు బొమ్మ పేరు పక్కనే ఉండాలి. ముందు ఎత్తు, తర్వాత వెడల్పు, సెంటీమీటర్లలో. మ్యూజియాలు సాధారణంగా పాటించే వరుస ఇదే. ఫ్రేముతో కలిపిన కొలతా, ఫ్రేము లేకుండానా అన్నది కూడా రాయండి, సగం గొడవలు అక్కడే వస్తాయి. అయితే అంకెలను ఊహలోకి తెచ్చుకోవడం చాలామందికి చేతకాదు. అందుకని ప్రతి బొమ్మకూ ఒక ఫొటో అదనంగా తీయండి. చిన్నదైతే చేతిలో పట్టుకుని, పెద్దదైతే పక్కన మనిషి నిలబడి. చాలా సైట్లు సోఫా వెనక గోడకు తగిలించినట్టు కంప్యూటరుతో చేసిన గది బొమ్మ చూపిస్తాయి కదా, వాటిని నేను నమ్మను. కొన్ని మీరిచ్చిన కొలతల ప్రకారం సరిగ్గానే అమరుస్తాయి. కొన్నిట్లో గోడకు అందంగా సరిపోయేంత పెద్దదిగా పెట్టేస్తారు. వాడేముందు ఆ సోఫా వెడల్పుతో మీ బొమ్మను పోల్చి లెక్క చూసుకోండి. మామూలుగా తీసిన చేతి ఫొటోలో అబద్ధానికి చోటుండదు.

గళ్లన్నీ ఒకే సైజులో ఉండకుండా ఇటుకల్లా ఎగుడుదిగుడుగా పేర్చే అమరిక ఒకటుంది. బొమ్మ తెగదు కాబట్టి కొంత నయం. కానీ అందులో వెడల్పులన్నీ సమానంగా ఉంటాయి, అందుకని నిలువు బొమ్మలు భారీగా, మీలాంటి అడ్డం బొమ్మలు సన్నటి పట్టీల్లా కనిపిస్తాయి. మీకు అది పనికిరాదు. ఒకదాని కింద ఒకటిగా, పేజీ వెడల్పంతా వాడుకునే ఒంటి వరుస పనికొస్తుంది. ఫోనులో అయితే అదీ సన్నటి పట్టీయే అవుతుంది. కాబట్టి పూర్తి బొమ్మ కింద ఎడమ భాగం, మధ్య భాగం, కుడి భాగం విడివిడిగా పెద్దవి చేసి పెట్టండి. చూసేవాళ్లు వేళ్లతో పెద్దది చేసుకోగలగాలి. కొన్ని సైట్లు ఫోనులో ఆ వీలును కావాలనే ఆపేస్తాయి. కుంచె గీతల దగ్గరికి వెళ్లి చూడాలన్న కోరికతో వచ్చిన మనిషిని అలా ఆపడం నాకు అసలు అర్థం కాని సంగతి.

వాటంతటవే జరిగే బొమ్మల గురించి: అవి వద్దు. బొమ్మను ఎంతసేపు చూడాలో చూసేవాళ్లే తేల్చుకోవాలి. వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండటానికి, వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ అనే సంస్థ రూపొందించిన మార్గదర్శకాలూ, దానంతటదే మొదలై 5 సెకన్లకు మించి కదిలేదాన్ని ఆపే వీలు ఉండాలంటాయి. మొదటి పేజీకి మీ బొమ్మల్లో ఒక్కటి, కదలకుండా, చాలు. తెరుచుకునేటప్పుడు వచ్చే స్వాగత పేజీలు, సంగీతం, పల్టీలు కొట్టే పేర్లు కూడా అంతే. ఒకప్పుడు ఎందరో కళాకారులు కదిలే బొమ్మల పేజీలు చేసే ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇలాంటి హంగుల సైట్లు కట్టించుకున్నారు. 2020 డిసెంబరు 31తో దాన్ని నడిపే అడోబి కంపెనీ ఫ్లాష్‌కు మద్దతు ఆపేసింది, మరుసటి నెలలోనే అందులో నడిచేవాటిని అడ్డుకుంది. ఆ సైట్లు మామూలు బ్రౌజర్లలో తెరుచుకోవడం మానేశాయి. సాదా పేజీలో పెట్టిన సాదా ఫొటోలు మాత్రం ఈరోజుకీ తెరుచుకుంటున్నాయి.

నల్లటి పెట్టె విషయంలో రెండు సంగతులు వేరుచేసి చూడాలి. ఒకటి లింకు. ప్రతి బొమ్మకూ తనదైన పేజీ, తనదైన చిరునామా ఉండాలి. ఎవరైనా మీ బొమ్మ చూసి ఇంట్లోవాళ్లకు పంపాలనుకుంటే, ప్రదర్శనలకు బొమ్మలు ఎంచే క్యూరేటర్ ఒకరు గుర్తుపెట్టుకోవాలనుకుంటే, వాళ్లకు కావలసింది ఆ ఒక్క బొమ్మ. నల్లటి పెట్టెలు చాలావరకు అదే పేజీ మీద తెరుచుకుంటాయి కాబట్టి చిరునామా మారదు. పైగా వెనక్కి బటన్ నొక్కితే పెట్టె మూసుకోవడానికి బదులు మొత్తం పేజీ నుంచే బయటపడతాం. అంతులేకుండా కిందికి దొర్లే పేజీలదీ ఇదే రోగం. ఎంతో కిందికి వెళ్లి ఒక బొమ్మ తెరిచి వెనక్కి వస్తే చాలాసార్లు మళ్లీ మొదటికి వస్తాం, మళ్లీ కిందికి దిగే ఓపిక ఎవరికీ ఉండదు. మీ బొమ్మలను ఇరవై, ముప్పై చొప్పున పేజీలుగా విడగొట్టండి. అంతకంటే మంచిది, మీరు వేసిన వరుసల ప్రకారం విడగొట్టండి. ఒక నది మీద వేసినవన్నీ ఒక చోట, వానాకాలం ఆకాశాలన్నీ ఒక చోట. పెద్ద గ్యాలరీల్లో ఇది మీ చేతిలో ఉండదు. అక్కడ రంగు, ధర, సైజు ప్రకారం జల్లెడ పట్టి, మీ వరుసను చెల్లాచెదరు చేసి, మీ బొమ్మ కిందే ఇంకొకరి బొమ్మలు పేరుస్తారు. కొనేవాళ్లకు అది సౌకర్యమే, కాదనను. కానీ ఒక మనిషి ఏళ్ల తరబడి ఒకే విషయాన్ని ఎలా చూస్తూ వచ్చారన్నది అక్కడ ఎప్పటికీ కనిపించదు.

రెండోది ఆ నలుపు. పంతొమ్మిదో శతాబ్దంలో పారిస్ గోబెలిన్స్ నేత కార్ఖానాలో అద్దకాల పని చూసిన షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్తకు నల్లరంగు సరిగా రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే రంగులో లోపం లేదు. పక్కన నేసిన రంగుల వల్ల నలుపు వెలిసినట్టు కనబడుతోంది. ఆ పరిశోధనంతా 1839లో ప్రచురించాడు. మీ బొమ్మలకూ అదే జరుగుతోంది. కటిక నలుపు మీద లేత రంగులు ఉన్నదానికంటే వెలిగిపోతాయి, ముదురు రంగులు కూడా ఉన్నదానికంటే లేతగా అనిపిస్తాయి. అలాగని తెల్లటి తెలుపు కూడా మీకు నప్పదు. నీటిరంగుల కాగితం ఎప్పుడూ స్క్రీను తెలుపంత తెల్లగా ఉండదు, ఆ తెలుపు పక్కన పెడితే కాగితం మాసినట్టు, పసుపెక్కినట్టు కనిపిస్తుంది. లేత బూడిదరంగు నేపథ్యం పెట్టి చూడండి. నూనెరంగులకూ నీటిరంగులకూ రెంటికీ అదే హాయిగా ఉంటుంది.

రంగులు మీవి కావనిపించడానికి ఇంకో కారణం ఫైల్లోనే ఉండొచ్చు. మీ కెమెరా ‘అడోబి ఆర్‌జీబీ’ అనే రంగుల ప్రొఫైలులో తీస్తుంటే, సైటు ఎక్కించుకునేటప్పుడు ఆ ప్రొఫైలును తీసేస్తే, బ్రౌజరు ఫైల్లోని రంగుల అంకెలను మామూలు ‘ఎస్ఆర్‌జీబీ’ అనుకుని చదువుతుంది. రంగులు చప్పబడతాయి. ఎక్కించే ముందే ఎస్ఆర్‌జీబీలోకి మార్చి ఇవ్వండి. రెండోది, మరీ పెద్ద ఫైలు ఇస్తే సైటు తనకు నచ్చినట్టు కుదించుకుంటుంది. వాళ్లు ఏ కొలత అడుగుతారో చూసి, మీరే అంతకు తగ్గించి, నాణ్యత ఎక్కువగా ఉంచి జేపెగ్‌గా దాచి ఇవ్వండి. ఫొటో తీసేటప్పుడు కెమెరా బొమ్మకు సరిగ్గా ఎదురుగా, సమాంతరంగా ఉండాలి. ఒకే రకం దీపాలు రెండు, రెండు పక్కల నుంచి 45 డిగ్రీల కోణంలో. నూనెరంగుల మెరుపు అప్పుడు కెమెరాలోకి రాదు. ఫోనుతో తీస్తే దగ్గరికి వెళ్లకండి, వెనక్కి జరిగి తీయండి. దగ్గర నుంచి తీస్తే బొమ్మ అంచులు వంగుతాయి. ఇంత చేసినా ఒక్కో స్క్రీనులో ఒక్కోలా కనిపించడం మాత్రం మన చేతిలో లేదు. కొనేవాళ్లకు ఆ మాట ముందే చెప్పడం మంచిది.

అక్షరాల సంగతి తొందరగా ముగిస్తాను. మౌస్ పెడితేనే పేరు కనిపించే డిజైను వద్దు, ఫోనులో మౌస్ ఉండదు కాబట్టి ఆ పేరు చాలామందికి ఎప్పటికీ కనిపించదు. తెలుపు మీద వెలిసిన బూడిదరంగు సన్నటి అక్షరాలు వద్దు. ప్రతి బొమ్మకూ కనిపించని వివరణ ఒకటి రాసే వీలుంటుంది, ఆల్ట్ టెక్స్ట్ అంటారు. అక్కడ “చిత్రం 14” అని కాకుండా, బొమ్మలో ఏముందో ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. చూపు లేనివాళ్లకు వాళ్ల ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది, వెతికే యంత్రాలకూ అదే ఆధారం. దొంగతనం భయంతో రైట్‌క్లిక్ ఆపేయమని కొందరు సలహా ఇస్తారు. స్క్రీన్‌షాట్ తీయడానికి క్లిక్ అక్కర్లేదు. బొమ్మ మీద అడ్డంగా పేరు ముద్ర కొడితే చూసేవాళ్లకే నష్టం. పెద్ద ముద్రణకు సరిపోనంత కొలతలో ఫొటో పెట్టి, అసలు ఫైలు మీ దగ్గరే ఉంచుకోండి.

సర్దుకుపోవాలా, సొంతమా అన్నదానికి నా సమాధానం: సొంతం పెట్టుకోండి. బొమ్మ ఎలా వేలాడాలన్న దాని మీద పట్టుబట్టినవాళ్లలో మీరు మొదటివారు కాదు. 1784లో గెయిన్స్‌బరో అనే ఇంగ్లీషు చిత్రకారుడు అక్కడి రాజు ముగ్గురు కూతుళ్ల బొమ్మను లండన్ రాయల్ అకాడమీ ప్రదర్శనకు పంపుతూ, అకాడమీ నియమం కంటే కిందికి వేలాడదీయమని కోరాడు. అంత ఎత్తున పెడితే తన పనితనం కనిపించదని ఆయన బాధ. అకాడమీ ఒప్పుకోలేదు. ఆయన బొమ్మలన్నీ వెనక్కి తీసుకుని, మళ్లీ అక్కడ ఎప్పుడూ ప్రదర్శించలేదు, తన ఇంట్లోనే చూపించడం మొదలుపెట్టాడు. అయితే అప్పటికే ఆయన రాజకుటుంబానికి బొమ్మలు వేస్తున్నంత పేరున్నవాడు, జనం ఆయన ఇంటికే వచ్చేవారు. మీరు ఆ తలుపులు మూసుకోనక్కర్లేదు. కొత్తవాళ్లు మిమ్మల్ని ఆ గ్యాలరీల్లోనే కనుక్కుంటారు. అక్కడ కొన్ని బొమ్మలే ఉంచండి, అవి కూడా ఆ గళ్లలో తక్కువ నష్టపోయేవి చూసి. పొడవాటివి, మీకు ప్రాణమైనవి మీ సైటులో ఉండనివ్వండి. ఒప్పందంలో ఒక బొమ్మను ఇంకెక్కడా చూపకూడదన్న షరతు ఉందేమో ముందు చదవండి. అలా ఉంటే అమ్మకానికి కాక చూపడానికి మాత్రమే పెట్టుకోవచ్చా అని వాళ్లనే రాతపూర్వకంగా అడగండి.

సైటుకు మీ సొంత పేరు మీద చిరునామా తీసుకోండి, అది తయారు చేసిచ్చేవాళ్ల పేరు మీద కాకుండా. రేపు ఆ సేవ నచ్చకపోతే బొమ్మలతో సహా ఇంకోచోటికి మారినా, జనం దగ్గరున్న లింకు అదే చిరునామాకు వస్తుంది. అమ్ముడైన బొమ్మలను తీసేయకండి. “అమ్ముడైంది” అని రాసి ఉంచండి, మీ వరుస అప్పుడే పూర్తిగా కనిపిస్తుంది.

అందరికీ చెప్పేముందు, కంప్యూటరు పని తెలియని ఒకరి చేతికి ఫోను ఇచ్చి, ఒక బొమ్మను వెతికి దాని సైజు ఎంతో చేతులు చాచి చూపించమనండి. పక్కన కూర్చోండి కానీ సాయం చేయొద్దు. ఎక్కడ ఆగిపోతారో అక్కడ పేజీని మార్చండి. చాచిన చేతుల మధ్య దూరం మీ బొమ్మకు దగ్గరగా ఉంటే మిగతావాళ్లకు లింకు పంపండి. ఆ బొమ్మ తిప్పి పంపినావిడకు కూడా పంపవచ్చు, ఆవిడకు మీ బొమ్మ నచ్చే కొన్నారు కదా, పెద్దదేదో అక్కడ ఉందేమో చూసుకుంటారు.